నడుముకు రాడ్లు వేయించుకోవాలా వద్దా: ఫ్యూజన్ ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు ఒక్కొక్కటిగా తేల్చుకోవాల్సినవి

"నడుములో గ్యాప్ వచ్చింది, రాడ్లు వేయాలి" అని డాక్టర్ చెప్పిన రోజు నుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. బావమరిది వెంటనే చేయించెయ్యమంటాడు, పక్కింటామె నడుముకు కత్తి పెడితే కాళ్లు పడిపోతాయంటుంది, మెడికల్ షాపు అతను ఇంకో పది రోజులకు గోళీలు ఇస్తాడు. నేను హనుమకొండలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. ఈ ఆపరేషన్ తర్వాత మళ్లీ పొలానికి పోతున్నవాళ్లూ తెలుసు, అంత ఖర్చు పెట్టి అదే నొప్పితో తిరుగుతున్నవాళ్లూ తెలుసు. ఈ ఇద్దరి మధ్య తేడా చాలాసార్లు సర్జన్ చేతిలో కంటే ముందే, అసలు ఏ జబ్బు కోసం ఆపరేషన్ చేశారు అన్నదాంట్లోనే ఉంటుంది. ఫ్యూజన్ ఒక పూసకూ ఇంకో పూసకూ మధ్య కదలికను ఆపుతుంది, అంతే. మీ నొప్పి ఆ కదలిక నుంచే వస్తుంటే మేలు చేస్తుంది, వేరే చోటి నుంచి వస్తుంటే ఎంత బాగా చేసినా నొప్పి అట్లనే ఉంటుంది. కింద రాసిందంతా ఆ ఒక్క సంగతి తేల్చుకోవడానికే.

ఆపరేషన్‌లో ఏం చేస్తారు

రెండు పూసలు, కొందరిలో అంతకంటే ఎక్కువ, ఒకే ఎముకగా అతుక్కునేలా చేస్తారు. టైటానియం స్క్రూలు, రాడ్లు బిగిస్తారు, చాలా సందర్భాల్లో డిస్క్, అంటే పూసల మధ్య ఉండే మెత్తటి దిండు, తీసేసిన చోట కేజ్, అంటే చిన్న డబ్బాలాంటి ఆసరా పెడతారు, దానితోపాటు బోన్ గ్రాఫ్ట్, అంటే ఎముక ముక్కలు వేస్తారు. జీవితాంతం నడుమును మోసేది రాడ్లేనని చాలామంది అనుకుంటారు. స్లాబు గట్టిపడేదాకా కింద సెంట్రింగ్ ఉంచుతాం కదా, రాడ్ల పనీ అంతే. అసలు బలం ఎముక అతుకు పడితేనే వస్తుంది, దానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. అతుకు పడకపోతే స్క్రూలు వదులవుతాయి, రాడ్ విరిగే అవకాశం కూడా ఉంది.

ఇంకో మాట. జారిన డిస్క్ ముక్క తీసేసే డిసెక్టమీ వేరు, నరాలకు చోటు చేసే డీకంప్రెషన్ వేరు, ఫ్యూజన్ వేరు. "నడుము ఆపరేషన్" అని ఒకే మాటతో అన్నింటినీ కలిపేసుకుంటే ఇక్కడే దారి తప్పుతారు. మీకు చెప్పింది వీటిలో ఏదో ఓపీ చీటీ మీద రాయించుకోండి.

మొదటి అడుగు: ఆలోచిస్తూ కూర్చోకూడని లక్షణాలు ఉన్నాయా

మూత్రం రాకుండా బిగబట్టుకుపోవడం, లేదా తెలియకుండానే పోవడం, మలం మీద అదుపు తప్పడం, కూర్చునే చోట, తొడల మధ్య స్పర్శ పోవడం, రెండు కాళ్లూ బలహీనం కావడం. వీటిలో ఏ ఒక్కటి కొత్తగా వచ్చినా ఈ వ్యాసం పక్కన పెట్టి ఇప్పుడే ఎమర్జెన్సీకి పోండి, రాత్రయినా సరే, పొద్దున ఓపీ కోసం ఆగొద్దు. దాన్ని కాడా ఈక్వైనా అంటారు. నరాల మీద ఒత్తిడి త్వరగా తీయకపోతే నష్టం అట్లనే మిగిలిపోవచ్చు. పాదం పైకి లేవక చెప్పు జారిపోతున్నా, రోజురోజుకూ కాలి బలం తగ్గుతున్నా, అది కూడా వెంటనే స్పైన్ సర్జన్ చూడాల్సిన విషయం.

జ్వరం, రాత్రి చెమటలు, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇంతకు ముందు క్యాన్సర్ ఉండటం, పడిన తర్వాత మొదలైన నొప్పి, ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు వాడి ఉండటం, ఇవి వేరే రకం హెచ్చరికలు. మన దగ్గర వెన్నెముకకు టీబీ రావడం అరుదేమీ కాదు. అది ఎక్కువమందిలో మందులతోనే తగ్గుతుంది, ఆ మందులు ప్రభుత్వాస్పత్రిలో ఉచితం. పూస కూలిపోయి నడుము వంగుతుంటేనో, నరాలు దెబ్బతింటుంటేనో మాత్రం ఆపరేషన్ అవసరమవుతుంది.

రెండో అడుగు: నొప్పి ఎక్కడిదో పేరు పెట్టి చెప్పుకోండి

ఒక కాగితం తీసుకుని రెండు అంకెలు వేయండి: నడుము నొప్పి పదికి ఎంత, కాలి నొప్పి పదికి ఎంత. చిన్న పనిలాగే ఉంటుంది గానీ చాలా తేలుస్తుంది. పిరుదు నుంచి మోకాలి కిందికి, పాదం దాకా కరెంటు షాకులా పాకే నొప్పి ఎక్కువైతే నరం నొక్కుకుపోయి ఉండొచ్చు. నరం మీద ఒత్తిడి తీసే ఆపరేషన్లు కాలి నొప్పికి బాగా పనిచేస్తాయి. ఉత్త నడుము నొప్పికి అంత నమ్మకంగా చెప్పలేం.

కాసేపు నడిస్తే కాళ్లు బరువెక్కి, కూర్చున్నా ముందుకు వంగినా హాయిగా ఉంటే, ఎనుమాముల మార్కెట్‌కు నడవలేరు కానీ సైకిల్ మీద పోగలుగుతున్నారంటే, అది నరాల దారి ఇరుకైన స్టెనోసిస్ కావచ్చు. నలభై లోపు వయసువాళ్లు, పొద్దున లేవగానే అరగంటకు పైగా నడుము బిగుసుకుపోయి, పని చేసుకుంటుంటే తగ్గి, తెల్లవారుజామున నొప్పికి మెలకువ వస్తుంటే, ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్, అంటే వెన్నెముక కీళ్లు వాచి బిగుసుకుపోయే జబ్బు ఉందేమో చూపించుకోవాలి. ఇలాంటి కుర్రాళ్లు డిస్క్ అనుకుని ఏళ్లకేళ్లు తిరుగుతారు. దానికి చూపించుకోవాల్సింది రుమటాలజిస్టుకు, అంటే కీళ్లవాపు జబ్బుల డాక్టర్‌కు, స్క్రూలతో పనిలేదు. గజ్జల్లో నొప్పి, కింద కూర్చుని మఠం వేయలేకపోవడం ఉంటే తుంటి కీలు ఎక్స్‌రే కూడా తీయించండి. తుంటి అరిగినవాళ్లకు నడుములో రాడ్లు వేస్తే ఏం లాభం?

మూడో అడుగు: ఎంఆర్‌ఐ రిపోర్టును చూసి భయపడకుండా చదవడం

"బొక్కలు అరిగినయ్ అన్నడు సార్" అని కళ్లనీళ్లు పెట్టుకుని వచ్చేవాళ్లు ఎక్కువ. రిపోర్టులో "డిస్క్ డీజనరేషన్" (అరుగుదల), "బల్జ్" (ఉబ్బు), "డెసికేషన్" (తేమ ఆరిపోవడం) అని రాసి ఉంటుంది. 2015లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష, నొప్పి అస్సలు లేని 3,110 మంది స్కాన్‌లను కలిపి చూసింది. ఇరవై ఏళ్ల వయసులోనే 37 శాతం మందిలో డిస్క్ అరుగుదల కనిపించింది, యాభై ఏళ్లవాళ్లలో 80 శాతం, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం. డిస్క్ బల్జ్ కూడా నలభై ఏళ్లవాళ్లలో సగం మందికి ఉంది. వీళ్లెవరికీ నొప్పి లేదు! అందుకే స్కాన్‌లో అరుగుదల కనబడగానే నొప్పికి అదే కారణమని అనుకోవడానికి లేదు. కాలి నొప్పి ఏ నరం దారిలో పోతోందో, స్కాన్‌లో నొక్కుకుపోయిన నరం అదేనో కాదో, డాక్టర్ చేత్తో పరీక్షించినప్పుడు బలం, స్పర్శ తగ్గింది కూడా అక్కడేనో కాదో, ఈ మూడూ కలవాలి.

ఎంఆర్‌ఐ పడుకోబెట్టి తీస్తారు కాబట్టి నిలబడితే పూస ఎంత జారుతుందో అందులో కనబడకపోవచ్చు. ఫ్యూజన్ అన్నారంటే నిలబడి, ముందుకు వంగి, వెనక్కి వంగి తీసిన ఎక్స్‌రేలు తప్పకుండా అడగండి. పూస జారడాన్ని లిస్థెసిస్ అంటారు. పావు వంతు లోపు జారితే గ్రేడ్ 1, సగం దాకా గ్రేడ్ 2. గ్రేడ్ ఎంత, వంగినప్పుడు అది కదులుతోందా, ఈ రెండూ రాయించుకోండి.

నాలుగో అడుగు: మీరు ఏ వరుసలో ఉన్నారు

కొన్ని జబ్బులకు ఫ్యూజన్ మీద పెద్ద వాదన లేదు. పూస విరిగి నిలకడ లేకపోవడం, టీబీ లేదా గడ్డ వల్ల పూస కూలిపోవడం, పెరుగుతున్న పెద్ద వంకర, బాగా జారి కదులుతున్న పూస వల్ల నరాలు దెబ్బతినడం. వీటిలో మీది ఏదైనా అయితే భయంతో వాయిదా వేయడమే నష్టం.

మధ్య వరుసలో స్టెనోసిస్, దానితోపాటు కొద్దిగా జారిన పూస ఉన్న పెద్ద వయసువాళ్లు ఉంటారు. అమ్మలు, నాన్నలు, ఎక్కువగా వీళ్లే. ఇక్కడ అడగాల్సింది ఒకటే: నరాలకు చోటు చేస్తే చాలదా, రాడ్లు కూడా ఎందుకు? 2016లో స్వీడన్‌లో 247 మందితో చేసిన పరిశోధనలో, డీకంప్రెషన్ ఒక్కటే చేసినవాళ్లకూ ఫ్యూజన్ కలిపి చేసినవాళ్లకూ రెండేళ్ల తర్వాత తేడా కనబడలేదు. 2021లో నార్వేలో పూస జారిన 267 మందితో చేసిన పరిశోధన కూడా డీకంప్రెషన్ ఒక్కటీ తీసిపోదనే చెప్పింది. 2016లోనే అమెరికాలో 66 మందితో చేసిన చిన్న పరిశోధన ఫ్యూజన్ వైపు కొద్దిగా మొగ్గింది. కాబట్టి మీ సర్జన్ ఫ్యూజనే కావాలంటే తప్పని కాదు, మీ ఎక్స్‌రేలో ఏం చూసి అంటున్నారో చూపించమనండి.

మూడో వరుస అన్నిటికంటే పెద్దది: కాలికి నొప్పి లేదు, పూస జారలేదు, ఏళ్లుగా నడుము నొప్పి, స్కాన్‌లో ఒకటో రెండో డిస్కులు అరిగాయి. 2001లో స్వీడన్‌లో 294 మందితో చేసిన పరిశోధనలో ఫ్యూజన్ చేయించుకున్నవాళ్లకే ఎక్కువ మేలు కనబడింది, కానీ రెండో గుంపుకు అందింది మామూలు ఫిజియోథెరపీ మాత్రమే. 2005లో బ్రిటన్‌లో 349 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఫ్యూజన్, ఇంకో గుంపుకు మూడు వారాల పాటు దాదాపు 75 గంటల గట్టి వ్యాయామం, కౌన్సెలింగ్ ఇచ్చారు. వందకు ఎంత ఇబ్బంది అని కొలిచే స్కోరు రెండేళ్ల తర్వాత ఫ్యూజన్ వాళ్లలో 46.5 నుంచి 34కు తగ్గింది, వ్యాయామం వాళ్లలో 44.8 నుంచి 36.1కి. వ్యాయామం గుంపులో నాలుగో వంతుకు పైగా మంది ఆ రెండేళ్లలో ఆపరేషన్‌కే పోయారన్నది కూడా చెప్పాలి. అయినా ఆ 34 అన్న అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఆపరేషన్ తర్వాత కూడా సగటు మనిషికి అంత ఇబ్బంది మిగిలింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2016లో, ఉత్త నడుము నొప్పికి పరిశోధనలో భాగంగా తప్ప ఫ్యూజన్ చేయొద్దని రాసింది. మీరు ఈ వరుసలో ఉంటే నా మాట సూటిగా చెప్తాను: కింది అడుగు నిజాయితీగా పూర్తి చేయకుండా సంతకం పెట్టొద్దు.

ఐదో అడుగు: ఆపరేషన్ లేని వైద్యం నిజంగా జరిగిందా

"అన్నీ అయిపోయినయ్ సార్, ఏదీ పనిచేయలే" అంటారు. ఏం చేశారని అడిగితే ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫినాక్ ఇంజెక్షన్లు, నెలల తరబడి నరాల నొప్పికిచ్చే ప్రీగబాలిన్ గోళీలు, బెల్టు, కరెంటు పెట్టించుకున్న కొన్ని రోజులు, బెడ్ రెస్ట్. వీటిలో నడుమును బలపరిచేది ఒక్కటీ లేదు. బెడ్ రెస్ట్ అయితే ఇంకా బలహీనం చేస్తుంది. సయాటికాకు, అంటే కాలికి పాకే నరం నొప్పికి, ప్రీగబాలిన్ మందు లేని ఉత్త గోళీ కంటే మెరుగ్గా పనిచేయలేదని 2017లో ఆస్ట్రేలియా పరిశోధనలో తేలింది. అలాగని ఒక్కసారిగా ఆపకండి, డాక్టర్‌ను అడిగి మెల్లగా తగ్గించాలి. నొప్పి గోళీలు రోజూ మింగితే కిడ్నీలు, కడుపు దెబ్బతింటాయి. ఏ మందో పేరు చెప్పకుండా ఇచ్చే పొడుల్లో స్టెరాయిడ్ ఉండే ప్రమాదం ఉంది, అది ఎముకనే మెత్తబరుస్తుంది, రేపు స్క్రూలు పట్టాల్సింది ఆ ఎముకకే.

నిజమైన ప్రయత్నం అంటే కనీసం మూడు నెలలు, ఆరు నెలలైతే ఇంకా మంచిది. ముందు నడక. నొప్పి ఎక్కువ కాకుండా ఎన్ని నిమిషాలు నడవగలరో చూసి అక్కడే మొదలుపెట్టి వారం వారం కొంచెం పెంచాలి. ఒక రోజు హుషారుగా భద్రకాళి చెరువు బండ్ మీద గంట నడిచి మూడు రోజులు మంచం పట్టడం కాదు. 2024లో ఆస్ట్రేలియాలో 701 మందితో చేసిన పరిశోధనలో, నొప్పి తగ్గాక ఫిజియో పర్యవేక్షణలో నడక మొదలుపెట్టినవాళ్లకు నొప్పి తిరగబెట్టడానికి మామూలుగా 208 రోజులు పట్టింది, నడవనివాళ్లకు 112 రోజులు. నడకతోపాటు పొట్ట, పిరుదులు, వీపు కండరాల వ్యాయామాలు: బ్రిడ్జ్, బర్డ్ డాగ్, సైడ్ ప్లాంక్. మొదట ఎవరైనా పక్కనుండి నేర్పాలి, కాగితం మీద బొమ్మలు చూసి చేస్తే సగం తప్పుగా చేస్తారు.

ఆ తర్వాత మీ పని. మెట్‌పల్లి, కోరుట్ల, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే అక్కలు ఒడిలో చేట పెట్టుకుని గంటల కొద్దీ వంగే కూర్చుంటారు. వీపుకు గోడ ఆసరా, కింద మందమైన పీట, అరగంటకోసారి లేచి నాలుగడుగులు, ఇది మందు కంటే ముందు చేయాల్సింది. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మీద పన్నెండు గంటలు నిలబడేవాళ్లు ఒక కాలు మార్చి మార్చి చిన్న దిమ్మ మీద పెట్టుకోవచ్చు. నాట్ల కాలంలో పొద్దుందాకా వంగి ఉండే పనికి పూర్తి పరిష్కారం లేదు, మధ్య మధ్య లేచి వెనక్కి వంగడం, వంగేటప్పుడు తుంటి దగ్గర మడవడం నేర్చుకోవడం మాత్రం తేడా చూపిస్తుంది.

నిద్ర, దిగులు కూడా వైద్యంలో భాగమే. అప్పులు, కొడుకు గల్ఫ్‌లో ఇరుక్కుపోవడం, పంట పోవడం, ఈ టెన్షన్ నొప్పిని పెంచుతుంది. అంటే నొప్పి అబద్ధమని కాదు. డిప్రెషన్ ఉన్నవాళ్లకు ఆపరేషన్ ఫలితం కూడా తగ్గుతుంది కాబట్టి దానికి ముందే చికిత్స తీసుకోవాలి.

ఈ నెలల్లో వారానికోసారి రాసుకోండి: ఆగకుండా ఎన్ని నిమిషాలు నడిచారు, ఎంతసేపు కూర్చున్నారు, రాత్రి ఎన్నిసార్లు లేచారు, ఎన్ని గోళీలు వేసుకున్నారు. సర్జన్ ముందు "చాలా నొప్పి సార్" అనే మాట కంటే ఈ కాగితం ఎక్కువ చెప్తుంది.

ఆరో అడుగు: సర్జన్‌తో మాట్లాడటం, రెండో అభిప్రాయం

ఒంటరిగా పోకండి, ఇంట్లో ధైర్యంగా అడగగలిగిన ఒకరిని వెంట తీసుకుపోండి. అడగాల్సినవి: "సార్, నొప్పి ఈ పూస నుంచే వస్తోందని మీకెట్ల తెలిసింది? నాలాంటివాళ్లు పది మందికి చేస్తే ఎంతమందికి నొప్పి సగానికి తగ్గింది? చేయించుకోకపోతే రెండేళ్లలో ఏమవుతుంది? నరం ఆపరేషన్ ఒక్కటి చాలదా? పక్క పూస మీద భారం పడి మళ్లీ ఆపరేషన్ రావచ్చా?" చివరి ప్రశ్నకు నిజమైన జవాబు "రావచ్చు" అనే. ఒక చోట కదలిక ఆగితే పై డిస్క్, కింది డిస్క్ ఎక్కువ పనిచేస్తాయి, ఏళ్లు గడిచేకొద్దీ కొందరికి అక్కడా అరుగుదల వస్తుంది. ఇన్ఫెక్షన్, నరానికి దెబ్బ, నరాల పొర చిరగడం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, అతుకు పడకపోవడం గురించి కూడా చెప్పించుకోండి. ప్రశ్నలకు విసుక్కుంటే, "ఇవాళే అడ్మిట్ అవ్వండి, లేకపోతే కాళ్లు పోతాయి" అంటే, మీకు మొదటి అడుగులోని లక్షణాలు లేవంటే, అక్కడి నుంచి లేచి వచ్చేయొచ్చు.

రెండో అభిప్రాయం అదే ఆస్పత్రిలో ఇంకో గదిలో తీసుకునేది కాకూడదు. మొదట ఆర్థోపెడిక్ స్పైన్ సర్జన్ చెప్తే రెండోసారి న్యూరోసర్జన్‌ను అడగండి, మొదట న్యూరోసర్జన్ చెప్తే ఆర్థోపెడిక్ స్పైన్ సర్జన్‌ను అడగండి. వరంగల్ ఎంజీఎంలో చూపించుకోవచ్చు, కాజీపేటలో పొద్దున రైలెక్కితే హైదరాబాద్ నిమ్స్‌కు పోయి రావచ్చు. రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, ఫిల్ములు, సీడీ కూడా తీసుకుపోవాలి. మొదటి డాక్టర్ ఏం చెప్పారో ముందే చెప్పకండి, రెండో డాక్టర్‌ను సొంతంగా చూసి చెప్పనివ్వండి.

డబ్బు సంగతి: తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. మీ ఆపరేషన్ ఏ ప్యాకేజీ కిందికి వస్తుందో, అనుమతి వచ్చిందో లేదో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. ప్రైవేటుగా చేయించుకుంటే ఇంప్లాంట్లతో సహా మొత్తం అంచనా రాతలో తీసుకోండి. ఉచితంగా అవుతుందన్నది మాత్రం చేయించుకోవడానికి కారణం కాకూడదు.

ఏడో అడుగు: మీ రోజువారీ బతుకుతో సరిపోల్చుకోండి

ఇంట్లో మాట్లాడకుండా వదిలేసేది ఇదే. మీరు హమాలీ అయితే, 40 కిలోల వడ్ల బస్తా మళ్లీ మోయడమే మీ లక్ష్యమైతే, ఫ్యూజన్ ఆ మాట ఇవ్వలేదు. కూర్చుని చేసే పనికి చాలామంది నెల, రెండు నెలల్లో పోగలుగుతారు, బరువు పనికి ఆరు నెలలు దాటొచ్చు, కొందరు ఎప్పటికీ పోలేరు. ఆ నెలల్లో ఇంటి ఖర్చు ఎవరు చూస్తారు, పత్తి ఏరే కాలం అడ్డొస్తుందా, పాలు ఎవరు పిండుతారు, బావి దగ్గరికి ఎవరు పోతారు, ఇవన్నీ కూర్చుని మాట్లాడుకోండి. "నొప్పి పోవాలి" అనే కోరికను కొలవగలిగే మాటగా మార్చండి: "కొమురవెల్లి మల్లన్న జాతరకు బస్సులో కూర్చుని పోగలగాలి", "వంట అయ్యేదాకా నిలబడగలగాలి". ఆ మాటను సర్జన్ ముందు పెట్టి, ఇది జరుగుతుందా అని అడగండి.

చేయించుకోవాలని తేలితే

బీడీ, సిగరెట్, తంబాకు ఆపరేషన్‌కు వారాల ముందే మానాలి, అతుకు పడేదాకా ముట్టకూడదు. నికోటిన్ ఎముక అతుకును అడ్డుకుంటుంది. షుగర్ ఉంటే హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్, ఎంతుందో చూసి అదుపులోకి తెచ్చుకున్నాకే తేదీ పెట్టించుకోండి, లేకపోతే కుట్ల దగ్గర ఇన్ఫెక్షన్ భయం. నెలసరి ఆగిన ఆడవాళ్లు ఎముక గట్టిదనం చూసే డెక్సా స్కాన్ గురించి అడగాలి, విటమిన్ డి చూపించుకోవాలి. ఇంట్లో వెస్టర్న్ కమోడ్ లేకపోతే ఇండియన్ టాయిలెట్ మీద పెట్టే కుర్చీ కొనండి, మంచం ఎత్తు మోకాళ్ల దాకా ఉండేలా చూడండి, నేల మీద కూర్చుని తినడం కొన్నాళ్లు మానాలి. చాలామందిని మర్నాడే లేపి నడిపిస్తారు, భయపడొద్దు, అదే మంచిది. మొదటి మూడు నెలలు వంగడం, మెలితిప్పడం, బరువులెత్తడం వద్దు. పరామర్శకు వచ్చిన చుట్టాల ముందు లేచి బిందె ఎత్తితే మెచ్చుకునేవాళ్లుంటారు గానీ అతుకు దెబ్బతింటే సర్ది చెప్పేవాళ్లుండరు. కుట్ల దగ్గర చీము, జ్వరం, పిక్క వాపు, ఒక్కసారిగా ఆయాసం, కాలిలో కొత్త బలహీనత వస్తే ఫోన్‌లో అడుగుతూ కూర్చోకుండా ఆస్పత్రికి పోండి. నొప్పి తగ్గినా సరే, సర్జన్ చెప్పిన తేదీలకు పోయి ఎక్స్‌రేలు తీయించుకోవాలి, అతుకు పడిందో లేదో దాంట్లోనే తెలుస్తుంది.

ఇప్పుడు వద్దని తేలితే

ఆ నిర్ణయానికి గడువు పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత వారం వారం రాసిన కాగితాలు ముందేసుకుని చూడండి: నడక పెరిగిందా, గోళీలు తగ్గాయా. పెరిగితే అదే దారిలో పోండి. ఏమీ మారకపోతే మళ్లీ రెండో అడుగు నుంచి మొదలుపెట్టి, నొప్పి మూలం ఎక్కడైనా తప్పిపోయిందేమో ఇంకో డాక్టర్‌తో చూపించుకోండి. మధ్యలో మొదటి అడుగులో రాసిన లక్షణం ఏది వచ్చినా ఈ గడువు వర్తించదు, ఆ రోజే ఆస్పత్రికి పోవాలి. ఆ లక్షణాలు ఒక చీటీ మీద రాసి ఇంట్లో అందరికీ కనబడేలా అంటించండి.